ఖో ఇచ్చిన పిల్ల నంబరు

మా బడిలో ఆడపిల్లలకు ఉన్న ఆట ఖోఖో ఒక్కటే. వాలీబాల్ మగపిల్లలది. ఆ బంతి హెడ్మాస్టరు గదిలో బీరువా మీద ఉండేది, గాలి కొట్టే పంపు పదో తరగతి అబ్బాయిల దగ్గర ఉండేది. ఖోఖోకు బంతి అక్కర్లేదు, నెట్టు అక్కర్లేదు. రెండు గుంజలు పాతి, వాటి మధ్య గీత గీసి, ఎనిమిది గడులు వేస్తే ఆట మొదలైనట్టే. పైసా ఖర్చు లేదు కాబట్టి అది మాకు దక్కింది. కారణం ఏదైనా, అంత మంచి ఆట మా చేతికి రావడం అదృష్టమని ఈ వయసులో గట్టిగా అనిపిస్తుంది.

మాది మక్తల్ వైపు ఊరు. ఇప్పుడది నారాయణపేట జిల్లా, 2019లో కొత్తగా ఏర్పడింది. నేను చెప్పే 1990ల నాటికి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అన్నీ కలిసి ఒకటే మహబూబ్‌నగర్ జిల్లా, మొత్తం 64 మండలాలు. బడి గ్రౌండ్ నల్లరేగడి. వాన పడితే కాలు దిగబడేది, ఎండ కాస్తే నెర్రెలు విచ్చేది. వానలు వెనకబట్టాక పల్లేరు కాయలు. ఆటకు ముందు అందరం వరసగా వంగి, గ్రౌండ్ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పల్లేరు కాయలు ఏరేవాళ్లం. చెప్పులు లేని కాళ్లు కదా, ఒక్కటి మిగిలినా ఎవరికో ఒకరికి దిగుతుంది. గీతలు సున్నంతో వేయాలని రూల్స్ పుస్తకంలో ఉండేదట. మేము ఇళ్ల నుంచి పొయ్యిలో బూడిద తెచ్చి వేసేవాళ్లం.

ఖోఖో చూడని వాళ్ల కోసం నాలుగు మాటలు. తరిమే జట్టులో ఎనిమిది మంది వరసగా గడుల్లో కూర్చుంటారు. ఒకరు ఇటు మొహం పెడితే పక్కవాళ్లు అటు మొహం పెడతారు. తొమ్మిదో మనిషి తరుముతుంది. ఉరికే జట్టు వాళ్లు ముగ్గురేసి చొప్పున లోపలికి వస్తారు. వాళ్లకు అన్ని దారులూ తెరిచే ఉంటాయి, కూర్చున్నవాళ్ల మధ్య నుంచి ఇటు నుంచి అటు దూరిపోవచ్చు. తరిమే పిల్లకు ఆ వీలు లేదు. మధ్య గీత దాటకూడదు. ఒక దిక్కు పట్టాక గుంజ చేరేదాకా వెనక్కి తిరగకూడదు. ఉరికే పిల్ల గీత దాటి అవతలికి పోయిందంటే, అవతలి వైపు మొహం పెట్టి కూర్చున్న పిల్ల వీపు మీద చెయ్యి వేసి గట్టిగా "ఖో" అనాలి. ఆ పిల్ల లేచి తరుముడు అందుకుంటుంది. ఖో ఇచ్చిన పిల్ల ఆ ఖాళీ గడిలో కూర్చోవాలి. అంతవరకూ ఊపిరి బిగబట్టి ఉరికిన మనిషి, ఇంకొక్క అడుగు వేస్తే దొరికేదే అనుకున్న మనిషి, ఆ క్షణాన నేల మీద కూర్చోవాలి. మా రోజుల్లో పెద్దల మ్యాచ్‌లో ఒక టర్న్, అంటే ఒక జట్టు తరిమే వంతు, తొమ్మిది నిమిషాలు. అంత సేపూ ఈ లేవడం, కూర్చోవడం నడుస్తూనే ఉంటుంది. మా జట్టులో జరిగిన గొడవలన్నీ ఆ కూర్చోవడం దగ్గర పుట్టినవే.

మా పీఈటీ సారు వాలీబాల్ ఆటగాడు. ఖోఖో మా కోసమే నేర్చుకున్నాడు. పొద్దున రూల్స్ పుస్తకంలో ఒక పేజీ చదివి, సాయంత్రం గ్రౌండ్‌లో మా చేత ఆ పేజీ ఆడించేవాడు. మొదటి జాతీయ ఖోఖో పోటీలు 1959-60లో మన విజయవాడలోనే జరిగాయని ఆయనే చెప్పాడు. ఈ ఆటకు రూల్స్ ఏర్పడింది పుణేలో అని కూడా చెప్పాడు. పుణే అనగానే కూర్చున్న వాళ్లలో సగం మంది తలెత్తి చూశారు. మాకు పుణే అంటే అమ్మానాయినలు సిమెంటు పనికి పోయే ఊరు. అక్కడ ఆటలు కూడా ఉంటాయని ఎవరికి తెలుసు!

జట్టులో ఇద్దరి గురించే ఎక్కువ చెప్పాలి. ఒకామె టైలర్ బిడ్డ. పొడుగు మనిషి, చేతులు ఇంకా పొడుగు. తరమడంలో ఆమెకు సాటి లేదు. గుంజ పట్టుకుని ఒక్కసారిగా గాలిలోకి వంగి అవతలి పిల్లను అందుకునేది, సారు దాన్ని పోల్ డైవ్ అనేవాడు. ఇంకొకామెను అందరం జింక అని పిలిచేవాళ్లం. ఉరకడంలో దిట్ట. లోపలికి దిగిందంటే అవతలి జట్టు వాళ్ల నోళ్లు ఎండిపోయేవి. జింక వాళ్లది గుంట భూమి లేని ఇల్లు. వాళ్లమ్మా నాయినా ఏటా దసరా దాటగానే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని బొంబాయికో పుణేకో పోయి, పీర్ల పండుగకు వచ్చేవాళ్లు.

నాది మధ్య గడి. నేను గొప్పగా ఉరికే పిల్లను కాను, పోల్ డైవ్ నాకు చేతకాలేదు. కానీ ఖో పడగానే లేవడం నాకు బాగా వచ్చు. మధ్య గడిలో కూర్చున్న వాళ్లకు ఆట అంతా కనిపిస్తుంది. ఇప్పుడు ఇంత వివరంగా రాయగలుగుతున్నానంటే ఆ గడి వల్లే.

అమ్మలను ఒప్పించడం ఒక యుద్ధం. లంగా జాకెట్లతో మండలం ఆటలకు పోతే రానియ్యరని సారు చెప్పాడు. నిక్కరు వేసుకుని ఆడపిల్లలు నలుగురిలో ఉరుకుడేందని ఊళ్లో పెద్దవాళ్లు అన్నారు. చివరికి టైలరే ఒక దారి చూపించాడు. ఒకే తాను నుంచి ముదురు నీలం గుడ్డ చించి, మోకాలి కిందికి వచ్చేట్టు అందరికీ ప్యాంట్లు కుట్టాడు, కుట్టుకూలి తీసుకోలేదు. పై చొక్కాల మీద తెల్లగుడ్డతో నంబర్లు కత్తిరించి కుట్టాడు. ఆ నంబరు వీపు మీద పడిన రోజు మా నడక మారింది. ఇంట్లో ఎవరి బిడ్డ, ఎన్నో బిడ్డ అన్నదే తప్ప మాకంటూ ఒక గుర్తు ఉండటం అదే మొదలు.

ఆ నంబరే తర్వాత చిక్కు తెచ్చింది. మండలం ఆటల్లో టేబుల్ దగ్గర కూర్చున్న సారు స్కోర్‌షీట్ రాస్తాడు. ఎవరు ఔటయ్యారు, ఎవరు ఔట్ చేశారు, ఎంత సేపటికి. ఔట్ చేసిన పిల్ల నంబరు పడుతుంది. ఆ పిల్లకు ఖో ఇచ్చిందెవరో, అంతకు ముందు ఆ ఉరికే పిల్లను గుంజ దాకా తరిమి మూలకు తెచ్చిందెవరో ఆ కాగితంలో ఎక్కడా ఉండదు. మండలంలో గెలిచాక మాకు ఇంకో సంగతి తెలిసింది. బడి జట్టుగా జోన్‌కు పోతాం, గెలిస్తే జిల్లాకు పోతాం. కానీ జిల్లా పోటీలు అయ్యాక రాష్ట్రానికి పోయేది బడి జట్టు కాదు. 64 మండలాల పిల్లల్లోంచి 12 మందిని ఏరుతారు. రాష్ట్రం ఆడిన సర్టిఫికెట్ ఉంటే కాలేజీ సీటుకు పనికొస్తుంది, ఉద్యోగానికి పనికొస్తుంది అని ఎవరో చెప్పారు. అప్పటిదాకా ఒకరి రొట్టెలో పల్లికారం ఇంకొకరు వేసుకుని తిన్న పిల్లలం. ఆ మాట విన్నాక ఒకరి ఔట్లు ఒకరం లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాం. టైలర్ బిడ్డ లెక్కల నోటుబుక్కు అట్ట లోపల గీతలు గీసుకునేది, ఔటుకు ఒక గీత. ఇంటికి పోతే అమ్మలు కూడా అదే అడగడం మొదలైంది. అంతకు ముందు "గెలిచిండ్రా?" అనేవాళ్లు. ఇప్పుడు "నీకెన్ని ఔట్లే?" అంటున్నారు.

జోన్ ఫైనల్ నారాయణపేటలో జరిగింది. రెండో ఇన్నింగ్స్‌లో మేము తరుముతున్నాం. అవతలి జట్టులో ఒక బక్కపిల్ల మిగిలింది. మా నుంచి టైలర్ బిడ్డ తరుముతోంది. ఆ పిల్ల దొరికినట్టే దొరికి నా ముందు నుంచి గీత దాటింది. అప్పుడు ఖో నాకు పడాలి. మడమలు లేపి సిద్ధంగా కూర్చున్నాను. వీపు మీద చెయ్యి పడలేదు. టైలర్ బిడ్డ నన్ను దాటుకుని గుంజ దాకా ఉరికి, చుట్టు తిరిగి, ఇవతలికి వచ్చింది. ఆమె వచ్చేసరికి ఆ పిల్ల మళ్లీ గీత దాటి అవతల ఉంది. మళ్లీ గుంజ, మళ్లీ చుట్టు. వరసలో కూర్చున్న మేమంతా "ఖో ఇయ్యి, ఖో ఇయ్యవే" అని అరుస్తున్నాం. విజిల్ పడింది. ఆ బక్కపిల్ల నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వుకుంటూ బయటికి పోయింది.

ఆ మ్యాచ్ మేమే గెలిచాం, ఒక్క ఔటు తేడాతో. చివరి టర్న్‌లో జింక దొరక్కుండా ఉరికింది కాబట్టి గెలిచాం. కప్పు తీసుకున్నాక కూడా ఎవరం మాట్లాడుకోలేదు. తిరుగు బస్సులో ఒకామె ఉండబట్టలేక అడిగేసింది.

"ఎందుకియ్యలేదే ఖో?"

"ఇస్తే ఔటు దానికి పోతది. నేనంత దూరం ఉరికింది ఎవరు రాస్తరు?" అంది టైలర్ బిడ్డ.

బస్సులో అందరూ ఒక్కసారిగా మీదపడ్డారు. స్వార్థం అన్నారు, పొగరు అన్నారు. "జట్టంటే నీకు లెక్కలేదా" అన్నారు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ముందు సీట్లో సారు వెనక్కి తిరగలేదు, కానీ అంతా విన్నాడు.

నాకు ఆ రోజు కోపం వచ్చిన మాట నిజమే. కానీ ఆమె మాటలో తప్పు ఎక్కడుందో వెతికితే నాకు దొరకలేదు. నిజంగానే ఎవరూ రాయరు. మా అమ్మలు తెల్లవారుజాము నుంచి చేసే పని ఎవరు రాశారు? ఊళ్లో ఆడపిల్లకు పుట్టినప్పటి నుంచి చెప్పేది ఒకటే, సర్దుకుపో. తమ్ముడికి ఇయ్యి, అన్నకు ఇయ్యి, రేపు పోయిన ఇంట్లో వాళ్లకు ఇయ్యి. అట్లాంటి పిల్లకు మొదటిసారి "ఇది నాది, నేను సాధించాలి" అనే పట్టుదల వచ్చింది. ఆ పిల్లను పట్టుకుని జట్టు కోసం త్యాగం చెయ్యమని చెబితే, అది ఆమెకు ఇంట్లో వినే మాటలాగే వినిపిస్తుంది. ఆటల్లో పిల్లలకు టీమ్ స్పిరిట్ గురించి ప్రసంగాలు ఇచ్చేవాళ్లు ఈ సంగతి ఆలోచించాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటాను. పోటీతత్వం పాపం కాదు. మా లాంటి ఊళ్ల ఆడపిల్లల్లో అది అపురూపం. దాన్ని చిన్నప్పుడే నలిపేస్తే మళ్లీ మొలకెత్తదు.

సారు ప్రసంగం ఇవ్వలేదు. సోమవారం ప్రాక్టీసుకు ఒక పొడుగు నోటుబుక్కు పట్టుకొచ్చాడు. అందులో తానే గీతలు కొట్టి షీట్ తయారు చేశాడు. ఔట్ చేసిన పిల్ల నంబరుకు ఒక గడి, దాని పక్కనే ఖో ఇచ్చిన పిల్ల నంబరుకు ఇంకో గడి.

"ఇగో చూడుండ్రి. ఖో పడ్డంక ఇంకో ఖో లేకుంట ఔటయితే, ఆ ఔటు ఇద్దరిది. ఇద్దరి నంబర్లు రాస్త. వారం వారం లెక్క చెప్త. రెండూ సమానమే" అన్నాడు.

అంతే. ఎవరినీ పేరు పెట్టి అనలేదు.

ఆ తర్వాత జరిగింది చూసి నేను ఆశ్చర్యపోయాను. టైలర్ బిడ్డ మెత్తబడిందా అంటే అస్సలు లేదు. అంతకు ముందు ఔట్ల మీద ఉన్న ఆశ ఇప్పుడు ఖోల మీద కూడా పుట్టింది. నోటుబుక్కు అట్ట లోపల రెండో వరస గీతలు మొదలయ్యాయి. అయితే ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. ఆమె ఇచ్చిన ఖో ఆమె ఖాతాలో పడాలంటే లేచిన పిల్ల ఔట్ చేయాలి. లేచిన పిల్ల తడబడితే ఖో వృథా. కాబట్టి ఆమె మా అందరినీ గమనించడం మొదలుపెట్టింది. ఎవరు త్వరగా లేస్తారు, ఎవరు ఏ పక్కకు బాగా తిరుగుతారు, ఎవరి చెయ్యి ఎంత దూరం అందుతుంది. ఒకరోజు నా దగ్గరికి వచ్చి, "నువ్వు లేస్తుంటే ఎడమకాలు ముందు పెడుతున్నవ్. కుడికాలు మీద కూసో, అడుగు ఎక్కువొస్తది" అని తానే కూర్చుని చూపించింది. చీకటి పడేదాకా నన్ను లేపుతూ, కూర్చోబెడుతూ ఉంది. నా మీద ప్రేమతో కాదు. నేను ఔట్ చేస్తే ఆమెకు గీత పడుతుంది. కానీ నాకు ఆట వచ్చింది అప్పుడే. అంతకు ముందు మంచి పిల్లలం అయ్యుండొచ్చు, మంచి జట్టు అయ్యింది మాత్రం ఆ నోటుబుక్కు వచ్చాకే.

జట్టు అంటే అందరూ నవ్వుతూ భుజాల మీద చేతులు వేసుకోవడం అనుకుంటారు. మా జట్టులో ఆ రోజుల్లో అరుపులే ఎక్కువ. "లేటు ఖో ఇచ్చినవ్" అని ఒకరు, "ముందే లేచినవ్, ఫౌల్ పడ్డది" అని ఇంకొకరు. అయినా గ్రౌండ్‌లో పల్లేరు కాయలు ఏరేటప్పుడు అందరం ఒక్క వరసలోనే నడిచేవాళ్లం.

దసరా వచ్చింది. జిల్లా పోటీలు పండుగ తర్వాత అని కబురు వచ్చింది. జింక వాళ్లింటికి మేస్త్రీ కూడా వచ్చాడు. ఈసారి పుణే, కుటుంబం మొత్తం రావాలి, పిల్ల కూడా ఇటుకలు అందిస్తది అన్నాడట. సారు వాళ్లింటికి పోయి మాట్లాడాడు. "ఆడపిల్లను ఒక్కదాన్ని ఇడిసిపెట్టి ఎట్ల పోతం సారూ?" అంది వాళ్లమ్మ. ఆమె మాటకు సారు దగ్గర జవాబు లేదు. వాళ్ల అవ్వ అప్పటికే మంచం పట్టి ఉంది, వాళ్ల చిన్నాయినవాళ్లే ఆమెను చూసుకుంటున్నారు.

ఆ రాత్రి టైలర్ బిడ్డ వాళ్ల నాయినతో మాట్లాడింది. ఏం మాట్లాడిందో నాకు తెలియదు. తెల్లారి టైలర్ మెడలో టేపుతోనే జింక వాళ్ల గడప దగ్గరికి పోయాడు. "నా బిడ్డ పక్కన పండుకుంటది, నా బిడ్డ తిన్నది తింటది. ఆటలు అయినంక నేనే బస్సెక్కిస్త" అన్నాడు. వాళ్లమ్మా నాయినా పుణే బస్సెక్కి పోయారు. జింక ఆ సాయంత్రం ప్రాక్టీసుకు వచ్చింది.

ఇక్కడ ఒక విషయం చెప్పి తీరాలి. ఒకే బడి నుంచి ఇద్దరిని రాష్ట్రానికి తీసుకోవడం అరుదని సారు మాకు ముందే చెప్పాడు. జింక పుణే పోయి ఉంటే మా బడి నుంచి ఎవరిని తీసుకునేవారో అందరికీ తెలుసు. టైలర్ బిడ్డకు మా అందరికన్నా బాగా తెలుసు. మరి ఎందుకు ఆపిందని చాలా ఏళ్ల తర్వాత అడిగాను. "అది లేకుంటే మనం జిల్లాల గెలుస్తమా?" అంది. గెలవాలన్న ఆశే ఆమెను ఔట్లు లెక్కపెట్టేలా చేసింది, ఆ ఆశే తన పోటీదారును ఇంట్లో పెట్టుకునేలా చేసింది. ఈ రెండింటినీ విడదీయడం నా వల్ల కాదు.

మహబూబ్‌నగర్ స్టేడియం గ్రౌండ్‌లో జిల్లా పోటీలు. అంత పెద్ద గ్రౌండ్ మేము చూడలేదు. రాత్రి ఒక బడి గదుల్లో బెంచీలు పక్కకు జరిపి జంపఖానాలు పరిచారు. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం అన్నం పప్పుచారు. జొన్నరొట్టె లేకపోతే మాకు తిన్నట్టే ఉండదు, ఇంటి నుంచి మూటలు కట్టుకునే పోయాం. మొదటి మ్యాచ్‌లో అలంపూర్ వైపు నుంచి వచ్చిన జట్టు మీద గెలిచాం. రెండో మ్యాచ్‌లో మా ఆట చూడటానికి వాలీబాల్ ఆడే మగపిల్లలు కూడా వచ్చి నిలబడ్డారు. ఆ రోజు మా ఖోలు ఎంత బాగా పడ్డాయో! టైలర్ బిడ్డ నాకు ఖో ఇచ్చింది, నేను రెండు అడుగుల్లో ఒకామెను అందుకున్నాను. కుడికాలు మీద కూర్చున్నాను మరి. టేబుల్ దగ్గర నా నంబరు రాసుకున్నారు.

సెమీఫైనల్‌లో ఒక హాస్టల్ జట్టు చేతిలో ఓడిపోయాం. వాళ్లకు బూట్లు ఉన్నాయి, రోజూ పొద్దున సాయంత్రం రెండుపూటలా ప్రాక్టీసు ఉంది. వాళ్లు బాగా ఆడారు, ఓడాం.

సాయంత్రం పేర్లు చదివారు. జింక పేరు ఉంది. ఆమె ఉరికిన తీరు చూసిన ఎవరైనా ఆ పేరు రాయకుండా ఉండలేరు. టైలర్ బిడ్డ పేరు లేదు. తరిమే పిల్లలను ఎంచుకున్నవాళ్లు స్కోర్‌షీట్లు ముందు పెట్టుకుని ఎంచుకున్నారు. ఆ షీట్లలో ఆమె నంబరు తక్కువ సార్లు ఉంది. ఎక్కువ ఉండదు కదా మరి, ఆ మూడు మ్యాచ్‌లలో ఆమె ఖోలు ఇస్తూ ఆడింది. సారు తన పొడుగు నోటుబుక్కు పట్టుకుపోయి వాళ్లకు చూపించాడు. అది మా లెక్కలోకి రాదు అన్నారట. సారు గొంతు పెంచడం మేము విన్నది ఆ ఒక్కసారే. ఏమీ మారలేదు.

ఇన్నేళ్లయినా ఆ సాయంత్రం గుర్తొస్తే నాకు మండుతుంది. పిల్లకు కలిసి ఆడమని నేర్పిస్తాం. ఆ పిల్ల నేర్చుకుంటుంది, ఆడుతుంది. తీరా మెచ్చుకునే వేళకు వేరే లెక్క తీస్తాం. ఆ పిల్ల మనసులో ఏం నాటుకుంటుంది? నేర్పిన పెద్దవాళ్లు అబద్ధం చెప్పారనే కదా. పిల్లల్లో స్వార్థం పెరిగిపోతోందని బాధపడే ముందు, మనం దేనికి మార్కులు వేస్తున్నామో ఒకసారి చూసుకోవాలి.

తిరుగు బస్సులో టైలర్ బిడ్డ జింకతో మాట్లాడలేదు. జింక పక్కన కూర్చోవడానికి వస్తే సంచి అడ్డం పెట్టింది. కానీ ఇద్దరూ దిగింది ఒకే ఇంటి ముందు, పండుకుంది ఒకే చాప మీద. రాష్ట్ర పోటీలకు జింక నంబరు మారింది. పాత నంబరు కుట్లు విప్పి కొత్తది కుట్టింది టైలర్ బిడ్డే. మొహం మాత్రం సంక్రాంతి దాకా ముడుచుకునే ఉంది. ఆ ముడుచుకోవడం తప్పని నేను అనలేను. స్నేహం ఉంటే అసూయ ఉండదని ఎవరన్నారు?

జింక రాష్ట్ర పోటీలకు పోయి వచ్చింది, సర్టిఫికెట్ తెచ్చుకుంది. టైలర్ మాట ఇచ్చినట్టే తానే బస్సెక్కించాడు. పదో తరగతి పరీక్షలు రాయడానికి వచ్చింది, తర్వాత పెళ్లయింది. ఇప్పుడు పుణేలోనే ఉంటుంది, కూరగాయల వ్యాపారం. ఆ సర్టిఫికెట్ ఏ సీటుకూ ఏ ఉద్యోగానికీ పనికిరాలేదు. ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకుంది. టైలర్ బిడ్డ మక్తల్‌లో నాయిన మిషన్ మీదే కూర్చుంది, ఇప్పుడు పెద్ద షాపు. చుట్టుపక్కల బళ్ల ఆటల డ్రెస్సులు చాలావరకు ఆమె దగ్గర కుట్టినవే. సారు రిటైరయ్యాడు. ఆ నోటుబుక్కు ఉందా అని అడిగితే ఇల్లు మారినప్పుడు పోయిందన్నాడు. అదొక్కటి దక్కించుకుని ఉంటే ఎంత బాగుండేది!

మొన్నీమధ్య మహబూబ్‌నగర్‌లో పిల్లల పోటీలు చూడటానికి పోయాను, మా అన్న బిడ్డ ఆడుతోందని. గ్రౌండ్ బాగుంది, పిల్లల కాళ్లకు బూట్లు ఉన్నాయి, ఆడపిల్లలు నిక్కర్లలో ఉరుకుతుంటే ఎవరూ నోరు మెదపడం లేదు. చూడటానికి ప్రాణం లేచొచ్చింది. గీత బయట తల్లిదండ్రులు ఫోన్లు పట్టుకుని వీడియోలు తీస్తున్నారు. ఒకాయన తన బిడ్డ తరుముతున్నంతసేపూ ఫోను ఆమె వెంట తిప్పాడు. ఆ పిల్ల చక్కని ఖో ఇచ్చి కూర్చుంది. ఆయన ఫోను దించేశాడు. ఖో అందుకున్న పిల్ల మూడు అడుగుల్లో ఔట్ చేసింది. ఆ ఔటు ఆయన వీడియోలో లేదు. సగం ఔటు తన బిడ్డదేనని ఆయనకు తట్టలేదు. పక్కనే ఉన్నాను, ఉండలేక చెప్పాను. "మీ పాప ఇచ్చిన ఖో వల్లే వచ్చింది సార్ ఆ ఔటు" అన్నాను. "అవునా మేడం" అని మళ్లీ ఫోను ఎత్తాడు. కూర్చున్న బిడ్డను కూడా కాసేపు తీశాడు.

2025 జనవరిలో ఢిల్లీలో మొదటి ఖోఖో ప్రపంచకప్ జరిగింది. 19న ఫైనల్. ఆడవాళ్లూ మగవాళ్లూ ఇద్దరూ నేపాల్ మీదే గెలిచారు. మన ఆడపిల్లలు 78-40తో గెలిచారు, మగవాళ్లు 54-36తో. మా రోజుల్లో ఔటుకు ఒక్క పాయింటే, ఇప్పుడు లెక్క మారింది. మ్యాట్ మీద, లైట్ల కింద మా ఆట టీవీలో కనిపిస్తుంటే మా వాట్సాప్ గ్రూపు ఆగలేదు. పాత జట్టులో దొరికినవాళ్లందరం అందులో ఉన్నాం. మగవాళ్ల జట్టు కెప్టెన్ ప్రతీక్ వాయికర్ పుణే పిల్లాడని, అల్టిమేట్ ఖోఖో లీగ్‌లో మన తెలుగు యోధాస్ జట్టుకు ఆడినవాడని చెప్పగానే జింక వాయిస్ మెసేజ్ పెట్టింది, మా ఊరోడు అని. పుణే ఆమెకు ఇప్పుడు మా ఊరు.

ఈ కొత్త ఆటలో వజీర్ అని ఒకరుంటారు. తరిమేవాళ్లలో ఆ ఒక్కరికి దిక్కు కట్టుబాటు లేదు, ఎటు కావాలంటే అటు తిరిగి ఉరకొచ్చు. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి టైలర్ బిడ్డ పట్టిన పట్టు విడవడం లేదు.

"మన కాలంల వజీర్ ఉంటే నారాయణపేటల ఆ బక్కదాన్ని నేనే పడుతుంటి. ఖో లేదు, ఏం లేదు."

"పడకపోతుంటివి. బయట నిలబడి నేను చూసిన గదా. అది నీకన్న ఒక్క అడుగు ముందే ఉండె" అని జింక జవాబు పెట్టింది.

"ఒక్క అడుగేనా? నా చెయ్యెంత పొడుగో మర్సిపోయినవా?"

"పీర్ల పండుగకు వస్తున్న. మనమల్లను కూసోబెడదాం. నేను ఉరుకుత, నువ్వు పట్టు చూద్దాం."

"బూడిద నేను తెస్త" అని రాసింది టైలర్ బిడ్డ. మధ్య గడి నాకే ఉంచమని నేను రాశాను.